పాత కారులో పొగ వాసన: శోధన లేని ధూపం వ్యర్థం

గంధం పృథివీ భూతానికి విశేషగుణం అన్నది ఆయుర్వేదం అంగీకరించిన సిద్ధాంతం. గుణం ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉంటుందే గాని దానంతట అది నిలువలేదు. కనుక ఎక్కడ వాసన తొలగక నిలిచి ఉన్నదో, అక్కడ దానికి ఆశ్రయమైన పదార్థం కూడా నిలిచి ఉన్నదని గ్రహించాలి. ఈ ఒక్క సూత్రాన్ని మనసులో ఉంచుకుంటే, పొగ త్రాగేవారి వద్ద కొన్న పాత కారును శుభ్రపరచడంలో జరిగే పొరపాట్లు చాలవరకు తప్పిపోతాయి.

నిజామాబాదు పట్టణంలోను, బోధన్ చుట్టుపక్కల చెరకు పండించే గ్రామాలలోను మధ్యతరగతి కుటుంబం తొలిసారి కొనే కారు తరచు సెకండ్ హ్యాండ్ కారే అయి ఉంటుంది. కొన్ని హైదరాబాదు నుండి వస్తాయి, కొన్ని సరిహద్దు దాటి నాందేడు వైపు నుండి వస్తాయి. ఇంజను బాగుంటుంది, ధర అందుబాటులో ఉంటుంది. ఇంటికి తెచ్చి తలుపులు మూసిన తరువాత మాత్రం పాత పొగ వాసన ముక్కుకు తగులుతుంది. వెంటనే ఇంటివారు ఒక అత్తరు సీసా వ్రేలాడదీస్తారు, రెండు అగరువత్తులు వెలిగిస్తారు, డ్యాష్ బోర్డు మీద కర్పూరం పెడతారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది. మూడవ రోజున పాత వాసన కొత్త వాసనతో కలిసి మరింత వెగటు పుట్టిస్తుంది. పదార్థాన్ని కదిలించకుండా గుణాన్ని కప్పిపుచ్చాలని చూడడం వల్ల కలిగే ఫలితం ఇది.

గాలి వాసన, అంటుకున్న వాసన

వాసనలలో ఈ రెండు రకాలూ ఇందూరు సీమవారికి బాగా తెలిసినవే. బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. క్రషింగ్ సీజనులో చక్కెర కర్మాగారం పరిసరాలను మొలాసిస్ వాసన కమ్ముకుని ఉంటుంది. గానుగ ఆగితే ఆ వాసన కూడా ఆగిపోతుంది. అది గాలి తెచ్చిన వాసన, గాలే తీసుకుపోతుంది.

బీడీలు చుట్టే ఇంటిలోని చాట సంగతి వేరు. మన జిల్లాలో ఎందరో స్త్రీలు ఒడిలో చాట పెట్టుకుని, తునికాకులో పొగాకు నింపి బీడీలు చుట్టి, కుటుంబాలను పోషిస్తున్నారు. ఆ చాటలోని పొగాకునంతా దులిపివేసి పది రోజులు ఎండలో పెట్టినా దాని వాసన పోదు. వెదురు బద్దల సందులలో పొగాకు ధూళి, దానిలోని సారం ఇంకి ఉంటాయి. ఇది అంటుకున్న వాసన.

కారులోని సిగరెట్టు వాసన ఈ రెండవ జాతికి చెందినది. అందువల్ల అద్దాలు దించి నాలుగు ఊళ్లు తిరిగి వచ్చినంత మాత్రాన అది పోదు.

అంటుకున్న పదార్థం ఏది?

సిగరెట్టు పొగలో అతి సూక్ష్మమైన జిడ్డు కణాలు ఉంటాయి. దీనినే తారు అంటున్నాము. అది అద్దం మీద, ప్లాస్టిక్ మీద, పైకప్పు గుడ్డ మీద పసుపుపచ్చని పొరగా పేరుకుంటుంది. పొగలోని రెండవ ముఖ్య పదార్థం నికోటిన్. ఇది ఆవిరి రూపంలో వెళ్లి సీటు స్పాంజిలో, తివాచీలో, బెల్టు నేతలో ఇంకిపోతుంది. చల్లని వేళ అక్కడే అణగి ఉంటుంది. వేడి తగిలినప్పుడు మెల్లగా మళ్లీ గాలిలోకి వస్తుంది. నిజామాబాదు వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులున్నాయి. అటువంటి ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు కూడా దాటవచ్చు. జనవరిలో వాసన లేదని కొన్న కారు ఏప్రిల్‌లో వాసన కొట్టడానికి కారణం ఇదే.

ఈ విషయం మీద ఆధునిక పరిశోధనలు కూడా జరిగాయి. అమెరికాలోని శాన్ డియాగోలో అమ్మకానికి పెట్టిన పాత కార్లను పరీక్షించగా, పొగ త్రాగినవారి కార్ల గాలిలోను, ధూళిలోను, డ్యాష్ బోర్డు వంటి తలాల మీదను నికోటిన్ కనిపించినట్లు 2008లో ప్రకటించారు. ఇలా నిలిచిపోయిన అవశేషానికి 2009 నుండి వైద్య రచనలలో ‘మూడవ చేతి పొగ’ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. త్రాగేవాడు పీల్చేది మొదటిది, పక్కనున్నవారు పీల్చేది రెండవది, ఆరిపోయిన తరువాత కూడా వస్తువులకు అంటి ఉండేది మూడవది. అంటుకున్న ఈ నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసినప్పుడు, క్యాన్సర్ కారకాలుగా ఎంచిన నైట్రోసమైన్లు ఏర్పడుతున్నాయని 2010లో అమెరికాలోని బర్కిలీ శాస్త్రజ్ఞులు చూపారు. పొగ త్రాగే ఒకరి వాహనం లోపలి తలం మీద కూడా వాటిని గుర్తించారు. కనుక ఈ వాసన ముక్కుకు కలిగే అసౌకర్యంతో ముగిసేది కాదు.

ఎవరు ఎక్కువ జాగ్రత్త పడాలి?

ప్రాకే పిల్లలు, ఏడాది రెండేళ్ల శిశువులు మొదట లెక్కకు వస్తారు. వారు సీటును తడుముతారు, బెల్టును నోట పెట్టుకుంటారు, ఆ చేతులనే చీకుతారు. శిశువుకు శ్వాసతో పాటు చర్మం, నోరు కూడా మార్గాలవుతాయి. తరువాత తమకశ్వాసం, అనగా ఆస్తమా ఉన్నవారు. చరకసంహిత చికిత్సాస్థానంలోని హిక్కాశ్వాస ప్రకరణం ధూళిని, పొగను శ్వాసరోగ కారణాలలో చేర్చింది. గర్భవతులు, అర్ధావభేదకం అనే ఒంటితల నొప్పితో బాధపడేవారు కూడా ఇటువంటి కారులో దూరప్రయాణం చేయరాదు.

కొనేముందు పరీక్ష

రోగిని పంచేంద్రియాలతోను, ప్రశ్నతోను కలిపి ఆరు విధాల పరీక్షించాలని సుశ్రుతుడు చెప్పాడు. రసనేంద్రియాన్ని వదలివేసి, కారును ఈ క్రింది విధంగా పరీక్షించవచ్చు.

ఘ్రాణం: కారును అద్దాలు మూసి ఒక గంట ఎండలో నిలిపి ఉంచమనాలి. తలుపు తీసిన మొదటి క్షణంలోనే వాసన చూడాలి. కొద్ది నిమిషాలు గడిస్తే ముక్కు అలవాటు పడి వాసనను పట్టలేదు. పొగ త్రాగే అలవాటున్న వారిచేత ఈ పరీక్ష చేయించరాదు. పరీక్షకు ముందు అమ్మేవారు సువాసన చల్లి ఉంటే, దానిని అనుమానానికి కారణంగానే భావించాలి.

దర్శనం: డ్రైవరు తల పైభాగాన పైకప్పు గుడ్డ రంగు, వెనుక సీటు పైభాగాన ఉన్న గుడ్డ రంగుతో సమానంగా ఉన్నదా చూడాలి. సీటు మీద, తలుపు పక్కన నిప్పురవ్వలు పడిన చిన్న రంధ్రాలు ఉన్నాయేమో వెదకాలి. యాష్ ట్రే తెరచి చూడాలి.

స్పర్శనం: తెల్లని తడి గుడ్డతో ముందు అద్దం లోపలివైపు గట్టిగా తుడవాలి. మామూలు దుమ్ము బూడిద రంగులో వస్తుంది. పొగ పొర పసుపు లేక గోధుమ రంగులో, వేలికి జిగురుగా వస్తుంది.

శ్రవణం: ఏ.సి. ఫ్యాను తిప్పి చప్పుడు వినాలి. చప్పుడు ఎక్కువై గాలి తక్కువగా వస్తే ఫిల్టరు పూడుకుని ఉండవచ్చు. మొదట వచ్చే గాలి వాసన కూడా అక్కడే చూడాలి.

ప్రశ్న: కారులో ఎవరైనా పొగ త్రాగేవారా, ఎన్నేళ్లు త్రాగారు, అద్దాలు మూసి త్రాగేవారా అని సూటిగా అడగాలి.

పొర పలుచగా ఉంటే కారు సాధ్యం. ఏళ్ల తరబడి మూసిన అద్దాల మధ్య త్రాగిన కారు కష్టసాధ్యం. దాని సీటు స్పాంజిని, పైకప్పు గుడ్డను మార్చవలసి రావచ్చు. ఆ ఖర్చును ధరలో తగ్గించి అడగడం న్యాయమే. ఇంట శిశువు గాని, ఆస్తమా రోగి గాని ఉంటే, అటువంటి కారు ఎంత చౌకగా వచ్చినా విడిచిపెట్టడం మేలు.

శోధన క్రమం

చికిత్స శోధనమని, శమనమని రెండు విధాలు. దోషాన్ని బయటకు వెళ్లగొట్టేది శోధనం. ఉన్నచోటనే అణచేది శమనం. పేరుకుపోయిన దోషానికి ముందు శోధనం జరగాలి. కారుకు కూడా ఇదే న్యాయం. ఈ పనికి ఎండ కాచే పొడి రోజులు అనుకూలం. వానాకాలంలో చేస్తే స్పాంజి ఆరక బూజు పట్టి రెండవ దుర్గంధం తోడవుతుంది. పని చేసేవారు రబ్బరు తొడుగులు ధరించాలి. గర్భవతులు, పిల్లలు దగ్గర ఉండరాదు.

1. మొదటి రోజు, పొడి శోధన: యాష్ ట్రేను, కాళ్ల కింది మ్యాట్లను, సీటు కవర్లను బయటకు తీయాలి. సీట్ల సందులను, తివాచీని, డిక్కీని వాక్యూమ్ క్లీనరుతో రెండుసార్లు లాగించాలి. ఇంట ఆ యంత్రం లేకపోతే సర్వీసింగ్ సెంటరులో చేయించుకోవచ్చు. బీడీలు గాని, పొగాకు సంచులు గాని మోసిన వ్యాను అయితే ఈ పని మరింత శ్రద్ధగా చేయాలి. పొగాకు ధూళి మీద ముందే నీరు పడితే అది కరిగి మరకగా లోపలికి ఇంకుతుంది.

2. రెండవ రోజు, జిడ్డు పొరను తొలగించడం: పదిహేను కుంకుడుకాయలను గింజలు తీసి ఒక లీటరు వేడి నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం పిసికి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. కుంకుడును సంస్కృతంలో ఫేనిలం అంటారు, నురుగు గలది అని అర్థం. ఆ నురుగు జిడ్డును పట్టి నీటిలో కలుపుతుంది. ఈ రసంలో గుడ్డను ముంచి, గట్టిగా పిండి, డ్యాష్ బోర్డును, స్టీరింగును, తలుపుల లోపలి భాగాలను, అద్దాలను పైనుండి క్రిందికి తుడవాలి. గుడ్డ పసుపు రంగుకు తిరిగిన ప్రతిసారి మార్చాలి. చివరి గుడ్డ తెల్లగా వచ్చేవరకు ఈ పని పూర్తి అయినట్లు కాదు. కుంకుడు రసం కంటిలో పడకుండా చూసుకోవాలి. లేత రంగు గుడ్డ మీద ఇది మరక చేయవచ్చు గనుక సీట్లకు తేలికపాటి సబ్బు నీరే వాడాలి.

3. అదే రోజు సాయంత్రం, సిర్కా తుడుపు: నికోటిన్ క్షార స్వభావం గలది. క్షారానికి ఆమ్లం ప్రతిద్రవ్యం. ఆమ్లంతో కలిసిన నికోటిన్ లవణంగా మారి నీటిలో సులభంగా కరిగి గుడ్డకు వస్తుంది. మనవారు సిర్కా అని, సంస్కృతంలో శుక్తమని పిలిచే వినెగర్ ఒక భాగం, నీరు నాలుగు భాగాలు కలిపి మళ్లీ అన్ని గట్టి తలాలను తుడవాలి. చెరకు సిర్కాకు రంగు ఉంటుంది గనుక తెల్లని సిర్కానే వాడాలి. తరువాత మంచినీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. సిర్కా వాసన ఒకటి రెండు రోజులలో పోతుంది.

4. మూడవ రోజు, గుడ్డ భాగాలు: సీటు కవర్లను, మ్యాట్లను ఉతికి ఎండవేయాలి. బెల్టులను పూర్తిగా బయటకు లాగి సబ్బు నీటి గుడ్డతో తుడిచి, ఆరిన తరువాతనే లోపలికి వదలాలి. సీట్ల మీద నీరు పోయరాదు. వాటి కింద విద్యుత్ తీగలు ఉంటాయి. తడి గుడ్డతో రుద్ది, పొడి గుడ్డతో అద్ది తేమను తీయాలి. పైకప్పు గుడ్డ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది జిగురుతో అంటించినది. బాగా తడిస్తే ఊడి వ్రేలాడుతుంది. దానిని చెమ్మగా ఉన్న గుడ్డతో ఒకే దిశగా, అదమకుండా తుడవాలి.

5. నాలుగవ రోజు, ఏ.సి.: చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనుక క్యాబిన్ ఫిల్టరు ఉంటుంది. పాత ఫిల్టరును కడిగి మళ్లీ పెట్టడం పొదుపు కాదు. దానిని మార్చాలి. లోపలి కాయిల్‌ను మెకానిక్కుచేత శుభ్రం చేయించాలి. తక్కినదంతా కడిగి దీనిని విడిచిపెడితే, ఏ.సి. వేసిన ప్రతిసారి పాత వాసన తిరిగి వస్తుంది.

6. ఐదవ రోజు నుండి, ఎండ, గాలి, పీల్చే ద్రవ్యాలు: పగలు నాలుగు తలుపులు తెరచి మూడు నాలుగు గంటలు ఎండలో నిలపాలి. వేడికి స్పాంజి లోపలి శేషం పైకి వస్తుంది, గాలి దానిని తీసుకుపోతుంది. రాత్రి సీట్ల మీద, తివాచీ మీద వంటసోడాను పలుచగా చల్లి, ఉదయం వాక్యూమ్‌తో లాగివేయాలి. చాకలి సోడా వాడరాదు. రంధ్రాలున్న డబ్బాలలో బొగ్గు నింపి సీట్ల కింద ఉంచాలి. మందుల దుకాణాలలో, ఆక్వేరియం సామాను దుకాణాలలో దొరికే యాక్టివేటెడ్ కార్బన్ వంటబొగ్గు కంటె ఎక్కువ పీల్చుతుంది. ఈ క్రమాన్ని ఏడు రోజులు చేసి, మళ్లీ ఎండలో మూసిపెట్టి వాసన పరీక్ష చేయాలి. తగ్గి, పూర్తిగా పోకపోతే రెండవ అంకె నుండి మరొకసారి చేయాలి. రెండు ఆవృత్తుల తరువాత కూడా వాసన నిలిచి ఉంటే అది స్పాంజిలో ఉన్నదని తెలుసుకుని దానిని మార్పించాలి.

చేయరానివి

కారులో అగరువత్తి, సాంబ్రాణి, మైసాక్షి వెలిగించరాదు. నిప్పు ప్రమాదం అలా ఉంచినా, ప్రతి పొగకూ తన కణాలుంటాయి. అవి పాత పొర మీద కొత్త పొరగా చేరుతాయి.

కర్పూరం బిళ్లలను, కలరా ఉండలను పిల్లలు తిరిగే కారులో ఉంచరాదు. కర్పూరం కొద్దిగా మింగినా పసిపిల్లలకు మూర్ఛలు వస్తాయి. కలరా ఉండల ఆవిరి కొందరు శిశువులలో ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసి కామెర్లకు దారితీస్తుంది. ఎండకు వేడెక్కిన కారులో ఈ రెండింటి ఆవిరి అధికమవుతుంది.

సిర్కాను, బ్లీచింగ్ పౌడరును కలపరాదు. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. సిర్కాను, వంటసోడాను ఒకేసారి వాడితే ఒకదానినొకటి విరిచి రెండూ నిష్ఫలమవుతాయి.

పసుపు మన అంగడి సొత్తు, మన గర్వం. అయినా దానికి ఇక్కడ పని లేదు. వాసన పోకపోగా సీటుకు మాయని మరక మిగులుతుంది.

కొన్ని సర్వీసింగ్ సెంటర్లలో ఓజోన్ యంత్రం పెడతారు. ఓజోన్ ఊపిరితిత్తులను రేపే వాయువు. చేయించదలచితే కడిగిన తరువాతనే చేయించాలి. ఆ సమయంలో కారులో ఎవరూ ఉండరాదు. తరువాత చాలాసేపు తలుపులు తెరచి ఉంచాలి. కడగడానికి బదులుగా దానిని నమ్ముకోరాదు.

సందేహాలు, సమాధానాలు

చరకుడే ధూమపానం చెప్పాడు గదా, సిగరెట్టులో తప్పేమిటి?

చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలోని ధూమపానం ఓషధులతో చేసిన వర్తి ద్వారా, చెప్పిన వేళలలో, చెప్పిన మేరకు చేసే కర్మ. వేళ తప్పినా, అతిగా చేసినా కలిగే ఉపద్రవాలను కూడా ఆచార్యుడు అక్కడే హెచ్చరించాడు. పొగాకు చరక సుశ్రుతుల కాలంలో మన దేశంలో లేదు. అది అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ద్వారా మనకు చేరింది. పేరులో పోలిక చూసి సిగరెట్టుకు శాస్త్ర ప్రమాణం కల్పించరాదు.

ధూపనం క్రిములను హరిస్తుందని శాస్త్రంలో ఉన్నది గదా?

ఉన్నది. సుశ్రుతుడు వ్రణరోగి గదిలో ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పులతో ధూపం వేయమన్నాడు. కాశ్యపసంహితలో ధూపకల్పమనే అధ్యాయమే ఉన్నది. అయితే అది శుభ్రపరచిన గదిలో చేసే కర్మ. మూసిన కారులో, తారు పొర మీద చేసేది కాదు.

వాసన పీల్చిన పిల్లవానికి ఏ కషాయం ఇవ్వాలి?

ఊపిరితిత్తులలోని పొగ శేషాన్ని కడిగివేసే కషాయం లేదు. ఉన్నదని చెప్పి అమ్మేవారిని నమ్మరాదు. పిల్లవానిని శుభ్రమైన గాలిలోకి తేవాలి, చేతులు కడగాలి, బట్టలు మార్చాలి. పిల్లికూతలు, ఎగశ్వాస కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. ఆస్తమాకు వాడుతున్న ఇన్‌హేలరును గృహవైద్యం పేరిట మానిపించరాదు.

నిదాన పరివర్జనం

కారణాన్ని విడిచిపెట్టడమే చికిత్సకు సంగ్రహం అని ఆయుర్వేద మతం. పది రోజులు శ్రమించి కడిగిన కారులో ఇంటి యజమాని ఒక్క సిగరెట్టు వెలిగిస్తే శ్రమ యావత్తూ మళ్లీ మొదటికి వస్తుంది. అద్దం దించి త్రాగితే చాలుననుకోవడం భ్రమ. పొగలో కొంత బయటకు పోతుంది, కొంత వెనుక సీటు మీద వాలుతుంది. ఆ వెనుక సీటులోనే పిల్లలు కూర్చుంటారు.

మన దేశంలో 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలాలలో పొగ త్రాగడం నిషిద్ధం. బస్సులు, ప్రయాణికులను చేరవేసే ఇతర వాహనాలు కూడా ఆ నిషేధంలో చేరి ఉన్నాయి. ఇంగ్లండులో 2015 అక్టోబరు 1 నుండి పద్దెనిమిదేళ్ల లోపువారు ఉన్న సొంత కారులో కూడా త్రాగరాదని శాసనం చేశారు. మన సొంత కారుకు శాసనకర్త ఇంటి యజమానే. త్రాగే అలవాటు మానదలచినవారికి కేంద్ర ప్రభుత్వం ఉచిత ఫోను సలహా ఏర్పాటు చేసింది. ఆ నంబరు 1800-11-2356. పొగాకు పెట్టెల మీద కూడా దీనిని ముద్రిస్తున్నారు.

కారు కడిగే మొదటి రోజున యాష్ ట్రేను తీసి కడిగి, ఎండబెట్టి, పెట్టెలో కట్టి అటక మీద పెట్టండి. ఆ చోట పిల్లల చేతిరుమాలు ఉంచండి. తక్కిన శోధనకు అది మంచి ఆరంభం.